వెళ్ళడం, వెళ్ళి రావడం: ‘గో’ క్రియతో ఒక పాఠం



మన బడిలో ఏడాది పొడవునా వినిపించే మాట ఏదని ఎవరైనా అడిగితే నేను ‘వెళ్ళడం’ అంటాను. “నాన్నగారికి బదిలీ అయింది సార్, వచ్చే నెల వెళ్ళిపోతున్నాం” అని ఒకరు చెబుతారు. “మొన్నటిదాకా నా పక్కన కూర్చున్నవాడు వెళ్ళిపోయాడు” అని ఇంకొకరు. నేనూ మీలాంటివాణ్ణే. పదేళ్ళ ఉద్యోగంలో ఇది నాకు ఐదో ఊరు. అందుకే ఈసారి ఇంగ్లీషులో ‘వెళ్ళు’ అనే అర్థమిచ్చే ‘గో’ క్రియ గురించి తెలుసుకుందాం. తెలుగు పేజీల్లో ఇంగ్లీషు పాఠమేమిటని అనుకోకండి. మీకు వచ్చిన తెలుగుతోనే ఇది తేలిగ్గా అర్థమవుతుంది.

1. రూపాలు

ఈ క్రియకు ఐదు రూపాలున్నాయి: గో, గోస్, వెంట్, గాన్, గోయింగ్.

వర్తమాన కాలంలో ఐ, యూ, వుయ్, దే అనే కర్తలకు ‘గో’ వస్తుంది. హి, షి, ఇట్ అనే వాటికి ‘గోస్’ వస్తుంది. మార్పు అంతే. తెలుగులో అలా కాదు. వెళ్తాను, వెళ్తావు, వెళ్తాడు, వెళ్తుంది, వెళ్తాము, వెళ్తారు అని క్రియ చివర చూస్తేనే వెళ్ళేది ఎవరో చాలావరకు తెలిసిపోతుంది. కాబట్టి మనం ‘నేను’ అనకుండా ‘బడికి వెళ్తాను’ అన్నా సరిపోతుంది. ఇంగ్లీషు క్రియ ఆ సంగతి చెప్పలేదు. అందువల్ల అక్కడ కర్తను వదిలేయకూడదు.

2. ‘వెంట్’ ఎక్కడి నుంచి వచ్చింది?

‘వాక్’కు భూతకాలం ‘వాక్డ్’. ‘ప్లే’కు ‘ప్లేడ్’. మరి ‘గో’కు ‘వెంట్’ ఏమిటి? నిజానికి అది దాని సొంత రూపం కాదు. పూర్వం ఇంగ్లీషులో ‘వెండ్’ అనే వేరే క్రియ ఉండేది. సెండ్–సెంట్, స్పెండ్–స్పెంట్ లాగే వెండ్–వెంట్. ‘గో’కు అప్పట్లో ఉన్న పాత భూతకాల రూపం క్రమంగా వాడుకలోంచి తప్పుకుంది. 1500 ప్రాంతానికి దాని చోట ‘వెంట్’ స్థిరపడింది. అంటే ‘వెంట్’ కూడా మనలాగే బదిలీ మీద వచ్చిందే!

ఇంగ్లీషు వింత భాష అని నవ్వేముందు మన ‘వస్తాను, వచ్చాను, రాను, రా’ ఒకసారి చెప్పి చూడండి. ‘వచ్చాను’కీ ‘రాను’కీ పోలిక ఎక్కడుంది? వేరే భాషవాళ్ళకు తెలుగు నేర్పేటప్పుడు నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే.

3. ‘డిడ్ నాట్’ తర్వాత ఏది?

స్టాఫ్ రూములో నా పక్కన కూర్చునే ఇంగ్లీషు మేడమ్ ఎర్ర పెన్నుతో ఎక్కువసార్లు కొట్టేసే వాక్యం “ఐ డిడ్ నాట్ వెంట్”. ఈ తప్పు పోవాలంటే తెలుగు వాక్యాన్ని తలుచుకోండి. ‘వెళ్ళాను’కు వ్యతిరేకం ‘వెళ్ళలేదు’. ‘వెళ్ళానులేదు’ అని ఎవరమూ అనం. జరిగిపోయిన కాలాన్ని ‘లేదు’ చెబుతోంది కాబట్టి అసలు క్రియ మళ్ళీ చెప్పనక్కర్లేదు. ఇంగ్లీషులో ఆ పని ‘డిడ్’ చేస్తుంది. కాబట్టి “ఐ డిడ్ నాట్ గో”. ప్రశ్నలోనూ అంతే: “డిడ్ యూ గో?”

ఇంకో పోలిక కూడా ఉంది. నేను వెళ్ళలేదు, వాడు వెళ్ళలేదు, వాళ్ళు వెళ్ళలేదు. ఎవరైనా మాట మారలేదు. ‘డిడ్ నాట్ గో’ కూడా ఎవరికీ మారదు.

4. ‘గాన్’, ‘బీన్’

హావ్, హాజ్ తర్వాత ‘వెంట్’ రాదు, ‘గాన్’ వస్తుంది. ఇక్కడే అసలు చిక్కు.

కొన్నేళ్ళ క్రితం నేను రాజస్థాన్‌లో పనిచేస్తున్నప్పుడు ఏడో తరగతి చదివే ఒక తెలుగమ్మాయి తన స్నేహితురాలి గురించి ఇంగ్లీషులో వ్యాసం రాసి నాకు చూపించింది. అందులో “మై ఫ్రెండ్ హాజ్ బీన్ టు జోర్హాట్” అని ఉంది.

“తిరిగి వచ్చేసిందా?” అని అడిగాను.

“లేదు సార్. వాళ్ళ నాన్నగారికి అస్సాం బదిలీ అయింది.”

“అయితే ‘హాజ్ గాన్’ అని రాయాలమ్మా.”

ఆ అమ్మాయి కాసేపు మాట్లాడలేదు. “గాన్ అని రాస్తే ఇంక రాదేమో అనిపిస్తోంది సార్” అంది.

వ్యాకరణం ప్రకారం ‘హాజ్ గాన్’ అంటే వెళ్ళింది, ఇప్పుడు ఇక్కడ లేదు అని మాత్రమే. మళ్ళీ వస్తుందో రాదో ఆ మాట చెప్పదు. ‘హాజ్ బీన్’ అంటే వెళ్ళి వచ్చింది అని. తాజ్ మహల్ చూసి వచ్చి తరగతిలో కూర్చున్నవారు “ఐ హావ్ గాన్” అనకూడదు, “ఐ హావ్ బీన్ టు ద తాజ్ మహల్” అనాలి. ఎప్పుడు వెళ్ళారో చెప్పదలిస్తే ఈ రెండూ పనికిరావు. “ఐ వెంట్ యెస్టర్డే” అనాలి.

ఆ అమ్మాయి భయం మాత్రం ఇంగ్లీషుది కాదు, మన ఇంటిది. గడప దాటేటప్పుడు ‘వెళ్తాను’ అంటే అమ్మమ్మ ఊరుకోదు. ‘వెళ్ళొస్తాను’ అనమంటుంది. తెలంగాణ ఇళ్ళల్లో ‘పోయొస్త’ అంటారు. ‘పోయారు’ అనే మాటకు చనిపోయారన్న అర్థం కూడా ఉంది కదా! అందుకని వెళ్ళేటప్పుడే రావడాన్ని కూడా కలిపి చెబుతాం. ‘హాజ్ బీన్’లోనూ వెళ్ళడం, రావడం రెండూ ఉన్నాయి. కానీ ఇంగ్లీషువారు దాన్ని తిరిగి వచ్చాకే అంటారు.

ఇదంతా చెప్పాక ఆ అమ్మాయి వాక్యం దిద్దుకుంది. దాని కింద తనే ఇంకొకటి చేర్చింది: “షి ఈజ్ గోయింగ్ టు రైట్ టు మి.”

5. ‘గోయింగ్ టు’

ఆ రెండో వాక్యంలో ప్రయాణం లేదు. స్నేహితురాలు ఉత్తరం రాయబోతోంది, అంతే. ‘రాయబోతోంది’ అన్న మాటను విడదీసి చూడండి. అందులోని ‘బోతోంది’ మన ‘పోతోంది’యే. జరగబోయేదాన్ని చెప్పడానికి రెండు భాషలూ ‘పోవడం’ అనే మాటనే వాడుకున్నాయి. అలాగే వంట చెడిపోతే “ద ఫుడ్ హాజ్ గాన్ బ్యాడ్” అంటారు. అక్కడ ‘గాన్’, ఇక్కడ ‘పోయింది’.

అభ్యాసం

వీటిని ఇంగ్లీషులో చెప్పండి.

1. అన్నయ్య విశాఖపట్నం వెళ్ళాడు, ఇంకా రాలేదు.
2. మేము రెండుసార్లు హంపి వెళ్ళొచ్చాం.
3. నేను నిన్న గ్రంథాలయానికి వెళ్ళలేదు.
4. చెల్లి రోజూ బస్సులో బడికి వెళ్తుంది.
5. రేపు మేము కొత్త ఇల్లు చూడబోతున్నాం.

జవాబుల్లో రావలసిన క్రియలు: 1. హాజ్ గాన్ 2. హావ్ బీన్ 3. డిడ్ నాట్ గో 4. గోస్ 5. ఆర్ గోయింగ్ టు సీ.

పరీక్షలయ్యాక మీలో కొందరు టీ.సీ. తీసుకుని ఇంకో ఊరి బడిలో చేరతారు. ఇంగ్లీషు వ్యాసంలో ‘గాన్’ అనే రాయండి, అదే ఒప్పు. నా దగ్గరికి చెప్పడానికి వచ్చినప్పుడు మాత్రం ‘వెళ్ళొస్తాం సార్’ అనండి.