దెబ్బకీ దెబ్బకీ మధ్య

చి. అమ్మలుకి,


నువ్వు కట్ చేసి పంపిన ఫైట్ రెండుసార్లు చూశాను. వేగం ఉంది, దెబ్బ లేదు. ఎవరు ఎవర్ని కొట్టారో కంటికి ఆనేలోపే షాట్ మారిపోతోంది. మీ ఎడిటర్ గారికి నచ్చిందని రాశావు, సంతోషం. ఆయన కింద పనిచేస్తున్నావు కాబట్టి ఆయన మాటే వినాలి. కానీ కుంగ్‌ఫూ సినిమాలు ఇన్నేళ్లయినా జనానికి ఎందుకు మొహం మొత్తలేదని నన్ను అడిగావు చూడు, దానికి జవాబు తెలిస్తే నీ ఫైట్‌కి ఏం తక్కువైందో నీకే తెలుస్తుంది.

హాంకాంగ్ ఫైట్ మాస్టర్లు ఎక్కడి నుంచి వచ్చారో ముందు తెలుసుకో. చాలామంది నాటకాల బళ్లలో పెరిగినవాళ్లు. పెకింగ్ ఒపెరా, కాంటొనీస్ ఒపెరా అంటారు గానీ వాటిలో పాటతోపాటు పిల్లిమొగ్గలూ, కత్తిసామూ, కర్రసామూ అన్నీ ఉంటాయి. పోరు ఘట్టంలో నటుడు గిర్రున తిరిగి, గాల్లోకి లేచి, కిందికి దిగి ఒక భంగిమలో బిగుసుకుపోతాడు. సరిగ్గా అదే క్షణాన తాళాలు ఖణేల్‌మంటాయి. మన కూచిపూడిలో జతి ముగించి తీర్మానం దగ్గర నిలబడతారే, అలాంటిదే. ఆ నిలుపు లేకపోతే అంతకుముందు తిరిగిన తిరుగుడంతా వృథా. ఈ లయనే సినిమాలోకి మోసుకొచ్చారు: ఒక క్షణం ఆగడం, మెరుపులా నాలుగు దెబ్బలు, మళ్లీ ఆగడం. డేవిడ్ బోర్డ్‌వెల్ అనే అమెరికన్ పండితుడు హాంకాంగ్ సినిమా మీద 2000లో తెచ్చిన పుస్తకంలో దీన్ని షాట్ షాట్‌కీ విప్పి చూపించాడు. దొరికితే చదువు.

మొదట్లో ఇలా లేదు. 1928లో షాంఘైలో మింగ్‌షింగ్ కంపెనీ ‘రెడ్ లోటస్ టెంపుల్ దహనం’ తీస్తే జనం వెర్రెత్తిపోయారు. మూడేళ్లలో 18 భాగాలు వచ్చాయి. కత్తివీరులు గాల్లో ఎగరడం, అరచేతుల్లోంచి మెరుపులు రావడం, అంతా మన జానపద సినిమాల బాపతే. కుర్రాళ్లు ఇళ్లు వదిలి కొండల్లో గురువుల్ని వెతుక్కుంటూ పోతున్నారని పత్రికలు గోల పెట్టాయి. ఇవి మూఢనమ్మకాలు పెంచుతున్నాయని ప్రభుత్వం నిషేధించింది. ఆ సినిమాల్లో ఇప్పుడు దాదాపు ఏమీ మిగల్లేదు.

కాళ్లు నేలకు ఆనింది 1949లో, హాంకాంగ్‌లో. క్వాన్ తక్-హింగ్ అనే కాంటొనీస్ ఒపెరా నటుడు వాంగ్ ఫే-హుంగ్ పాత్ర వేశాడు. వాంగ్ కల్పిత పాత్ర కాదు, గ్వాంగ్‌డాంగ్‌లో నిజంగా బతికిన వైద్యుడు, యుద్ధవిద్య గురువు. ఒకే పాత్రని క్వాన్ 70కి పైగా సినిమాల్లో వేశాడు. వాటిలో తరచూ ఎదురుగా ఉండే విలన్ షీ కియెన్. ‘ఎంటర్ ది డ్రాగన్’లో ఇనప పంజా తగిలించుకుని బ్రూస్‌లీ మీదికి వచ్చే ముసలాయన, ఆయనే.

ఇక నువ్వు టేబుల్ దగ్గర పెట్టుకుని చూడాల్సిన దర్శకుడు కింగ్ హు. ఆయనకి యుద్ధవిద్య బొత్తిగా రాదు. ఒపెరా అంటే ప్రాణం. షా బ్రదర్స్ స్టూడియో కోసం 1966లో ‘కమ్ డ్రింక్ విత్ మి’ తీస్తూ కత్తి పట్టడానికి డాన్సు నేర్చిన చెంగ్ పే-పేని పెట్టుకున్నాడు. మగవేషంలో సత్రానికి వచ్చి కూర్చుంటుంది ఆ పిల్ల. చుట్టూ దొంగలు. ఒకడు మాటలతో కెలుకుతాడు, ఇంకొకడు వస్తువు విసురుతాడు. ఆమె కుర్చీలోంచి లేవడానికి ఎంతసేపు తీసుకుంటుందో చూడు. తర్వాత కత్తి బయటికి వచ్చినప్పుడు పని క్షణాల్లో అయిపోతుంది. మనకి గుర్తుండేది మాత్రం ఆ కూర్చోవడమే.

అదే కింగ్ హు తైవాన్ వెళ్లి తీసిన ‘ఎ టచ్ ఆఫ్ జెన్’లో వెదురుతోపు ఫైట్ ఉంది. దాన్ని ఫ్రేమ్ ఫ్రేమ్‌గా ఆపుకుంటూ చూడు. నటులు స్ప్రింగ్‌బల్ల మీంచి దూకారు. ఆ దూకుడు మొత్తాన్ని ఆయన చూపించడు. నేల విడిచిన కాలు ఒక ముక్క, కొమ్మల మధ్య వెళ్లిపోతున్న బట్ట అంచు ఒక ముక్క, దిగడం ఒక ముక్క. చాలా కట్లున్నాయి, నీ ఫైట్‌లోకన్నా పొట్టివి కూడా ఉన్నాయి. అయినా అయోమయం లేదు. ఎందుకంటే కదలడానికి ముందు ఎవరు ఎక్కడ నిలబడ్డారో తీరిగ్గా చూపించాడు, దిగాక మళ్లీ చూపించాడు. మధ్యలో దాచినదంతా మన కన్ను పూరించుకుంటుంది. కాబట్టి కట్లు ఎక్కువయ్యాయని నేను నిన్ను అనడం లేదు. ఆ సినిమాకి 1975లో కాన్స్‌లో సాంకేతిక బహుమతి వచ్చింది.

బ్రూస్‌లీది దీనికి పూర్తిగా ఎదురు దారి. తండ్రి ఒపెరా నటుడే. కానీ కొడుకు ఇప్ మన్ అనే గురువు దగ్గర వింగ్ చున్ అనే యుద్ధవిద్య నేర్చాడు, 1958లో హాంకాంగ్‌లో చా-చా డాన్సు చాంపియన్ కూడా అయ్యాడు. ‘వే ఆఫ్ ది డ్రాగన్’కి రచన, దర్శకత్వం తనే. కొలోసియంలో చక్ నోరిస్‌తో ఫైట్ చూడు. ముందు ఇద్దరూ ఒళ్లు సాగదీసుకుంటారు, మెటికలు విరుచుకుంటారు. ఒక పిల్లిపిల్ల ‘మ్యావ్’ అంటే గానీ మొదటి దెబ్బ పడదు. మొదట్లో లీ దెబ్బలు తింటాడు, తర్వాత అడుగులు మార్చి ఎగురుతూ ఆడడం మొదలెడతాడు. అక్కడ ఫైట్ మలుపు తిరిగింది చేతులతో కాదు, పాదాలతో. తల నుంచి పాదాల దాకా మనిషి ఫ్రేములో ఉన్నాడు కాబట్టి అది మనకి కనబడింది. క్లోజప్‌లో కట్ చేసి ఉంటే ఆ మలుపే ఉండేది కాదు. 1973 జులై 20న, 32 ఏళ్లకే పోయాడు. ‘ఎంటర్ ది డ్రాగన్’ విడుదల చూడలేదు.

అప్పట్లో మన ఊళ్లలో ఈ సినిమాలు మార్నింగ్ షోలుగా ఆడేవి. డైలాగు ఎవడికీ అర్థం కాదు, అవసరమూ లేదు. అమెరికాలో నల్లవాళ్ల పేటల్లోని పాత థియేటర్లూ అలాగే నిండాయని చెబుతారు. డబ్బూ తుపాకీ లేనివాడికి సొంత ఒళ్లే ఆయుధం కావడం అర్థం చేసుకోవడానికి సబ్‌టైటిల్ ఎందుకు? బ్రూస్‌లీ తర్వాత మన ఊళ్లలో కూడా కరాటే స్కూలు బోర్డులు లేచాయి. కరాటే వచ్చిన సుమన్, భానుచందర్ తెలుగు తెర మీదికి వచ్చారు.

ఒళ్లు ఆయుధం ఊరికే కాదు, గాడిదచాకిరీ చేస్తేనే అవుతుంది. అది చెప్పిన సినిమా ‘36వ ఛాంబర్ ఆఫ్ షావోలిన్’, 1978. దర్శకుడు లా కార్-లియుంగ్. ఆయన తండ్రికి విద్య నేర్పిన గురువు ఇందాక చెప్పిన వాంగ్ ఫే-హుంగ్‌కి స్వయంగా శిష్యుడు. అంటే వంశపారంపర్యంగా వచ్చిన విద్య. సినిమా నడుమ భాగమంతా శిక్షణే. హీరో చేతులకి కత్తులు కట్టి, మొనలు పక్కటెముకల వైపు తిప్పి, రెండు చేతుల్లో నీళ్ల బకెట్లు పెట్టి పైకెక్కమంటారు. చెయ్యి వాలితే కత్తి దిగుతుంది. వాణ్ని అన్ని తంటాలు పడుతూ చూశాక, చివర్లో వాడు ఒక్క దెబ్బ కొట్టినా నమ్ముతాం. ఎడిటింగ్ పాఠంగా చూస్తే, దెబ్బకి ముందు ఉండాల్సిన నిలుపుని దాదాపు గంటసేపు సాగదీశాడన్నమాట.

జాకీచాన్ గురించి నీకు నేను చెప్పక్కర్లేదు. ఒక్కటి మాత్రం గమనించు. ‘ప్రాజెక్ట్ ఎ’లో గడియారం గోపురం మీంచి పందిళ్లు చింపుకుంటూ పడిపోయే షాట్‌ని ఒకటికి రెండుసార్లు చూపిస్తాడు. కథాపరంగా తప్పే. మనిషి ఒకసారే కదా పడేది! కానీ డూప్ లేడు, రోప్ లేదు అని ప్రేక్షకుడు నిర్ధారించుకోవడానికి టైమివ్వాలని ఆయనకి తెలుసు. చిన్నప్పుడు సామో హుంగ్, యూన్ బియావ్‌లతో కలిసి ఒపెరా బడిలో దెబ్బలు తింటూ పెరిగినవాడు, చప్పట్లకి చోటెక్కడ వదలాలో ఇంకొకరు చెప్పాలా?

తర్వాత రోపులు వచ్చాయి. 1991లో దర్శకుడు సుయ్ హార్క్, జెట్ లీని వాంగ్ ఫే-హుంగ్‌గా పెట్టి నిచ్చెనల మీద నడిపించాడు. ఫైట్ మాస్టర్ యూన్ వూ-పింగ్ ‘మాట్రిక్స్’కీ, ‘క్రౌచింగ్ టైగర్’కీ ఫైట్లు కంపోజ్ చేసి ఆ పద్ధతిని ప్రపంచానికంతా అంటించాడు. మన దగ్గర ఆ రోపు వచ్చింది గానీ ఆ నిలుపు రాలేదు. కొట్టినవాడు కదలకుండా కొట్టించుకున్నవాడు పది బారల దూరం ఎగిరిపడుతుంటే నాకు నవ్వొస్తుంది. హాలీవుడ్ వాళ్లేమన్నా తక్కువా అంటే కాదు. ‘టేకెన్ 3’లో హీరో ఒక కంచె దూకడానికి పదికి పైగా కట్లు వేశారు.

అన్నట్టు, షావోలిన్ విద్య మన దక్షిణాది నుంచి బోధిధర్ముడు పట్టుకెళ్లిందేనని నీ ఉత్తరంలో గర్వంగా రాశావు. ‘సెవెన్త్ సెన్స్’ సినిమా ప్రభావం కాబోలు. ఆ కథ ఆయన కాలం తర్వాత వందల ఏళ్లకి పుట్టిందని చైనా పండితులే తేల్చారు. ఇంటర్వ్యూల్లో అనకు.

ఇప్పుడు నీ పని. ముందు మీ ఫైట్ మాస్టర్ గారిని అడిగి, వైడ్‌లో ఆపకుండా తీసిన మాస్టర్ టేక్ ఉందేమో కనుక్కో. ఉంటే సౌండ్ తీసేసి చూడు. నటుడు ఊపిరి పీల్చుకునే చోట్లు, అడుగు మార్చే చోట్లు గుర్తుపెట్టుకో. నీ షాట్లు ఇప్పుడు దెబ్బ తగలకముందే తెగుతున్నాయి. దెబ్బ తగిలి, తిన్నవాడి ఒళ్లు కదిలాక నాలుగైదు ఫ్రేములు వదులు. సౌండ్ వాళ్లకీ అక్కడ చోటు దొరుకుతుంది. హాంకాంగ్‌లో చాలాకాలం సౌండ్ లేకుండానే షూట్ చేసి, చొక్కా చేతుల విసురు దగ్గర్నుంచి ప్రతి చప్పుడూ తర్వాత కలిపేవారు. మాస్టర్ టేక్ తీయలేదంటే మాత్రం టేబుల్ మీద నువ్వు చేయగలిగింది తక్కువ. ఆ సంగతి మీ ఎడిటర్ గారితో మెల్లగా చెప్పు, దర్శకుడి ముందు చెప్పకు.

వేళకి తిను. నాన్నకి ఫోన్ చేస్తుండు.

ఇట్లు,
పెదనాన్న