లేజర్ లైపోసక్షన్: కరిగేది ఏ కొవ్వు?

చర్మం అడుగున పేరుకున్న కొవ్వును బయటికి తీసే శస్త్రచికిత్స లైపోసక్షన్. లేజర్ పద్ధతిలో ముందుగా సెలైన్‌లో లిడోకైన్, ఎపినెఫ్రిన్ కలిపి ఆ భాగంలోకి ఎక్కిస్తారు. మొదటిది నొప్పి తెలియనివ్వదు. రెండోది రక్తనాళాలను కుదించి రక్తస్రావాన్ని తగ్గిస్తుంది. తర్వాత చిన్న గాటు పెట్టి, సన్నని గొట్టం గుండా లేజర్ ఫైబర్‌ను లోపలికి పంపుతారు. తరచుగా వాడేది 1064 నానోమీటర్ల కిరణం. దాని వేడికి కొవ్వు కణాలు పగులుతాయి. కరిగిన కొవ్వును గొట్టంతో లాగేస్తారు. వేడి మోతాదు మించితే చర్మం కాలుతుంది. ప్రకటనల్లో ఈ సంగతి పెద్దగా కనిపించదు.

సర్జన్ ఫీజు, మత్తు, థియేటర్, లేజర్ యంత్రం, పరీక్షలు, ఆపైన వారాల తరబడి వేసుకోవాల్సిన బిగుతు దుస్తులు... అన్నీ బిల్లులోకే వస్తాయి. ఎన్ని భాగాల్లో కొవ్వు తీస్తే ఖర్చు అంత పెరుగుతుంది. అందం కోసం చేయించుకునే సర్జరీకి మన దేశంలో సాధారణంగా ఆరోగ్య బీమా వర్తించదు, పైగా జీఎస్టీ పడుతుంది. కాబట్టి ‘ప్యాకేజీ’లో ఏమేం ఉన్నాయో ముందే కాగితం మీద రాయించుకోవడం మేలు.

ఇంత ఖర్చు పెట్టేవారిలో కొందరు పొట్టతో పాటు షుగరూ తగ్గుతుందని ఆశిస్తారు. 2004లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన అధ్యయనంలో 15 మంది స్థూలకాయ మహిళలకు మామూలు లైపోసక్షన్‌తో పొట్ట దగ్గర సగటున 9 కిలోలకు పైగా కొవ్వు తీశారు. 10–12 వారాల తర్వాత చూస్తే రక్తపోటులోగానీ, ఇన్సులిన్ పనితీరులోగానీ చెప్పుకోదగ్గ మార్పు లేదు. కాలేయంలో, పేగుల చుట్టూ ఉండే కొవ్వు జోలికి ఆ గొట్టం వెళ్లదు. లేజర్ గొట్టమూ అంతే.