జీతం రోజు తెలిసిన వ్యాపారి

చెన్నై టి. నగర్‌లో నడిస్తే తెలుగు పేర్లు పలకరిస్తాయి. పేటకు పేరు పిట్టి త్యాగరాయ చెట్టిది, నడిబొడ్డున ఉన్న పార్కుకు పేరు పానగల్ రాజాది. ఆ పేటలోనే 1978లో హెచ్. వసంతకుమార్ అనే మాజీ సేల్స్‌మన్ 'వసంత్ అండ్ కో' అనే ఇంటి సామాను కొట్టు తెరిచారు. 2019లో కన్యాకుమారి నుంచి లోక్‌సభకు పోటీ చేసేనాటికి ఆయన ప్రకటించిన ఆస్తి 400 కోట్ల రూపాయల పైమాటే. ఎలా సాధ్యమైంది?

జీతం తీసుకుంటూ చదివిన చదువు

1950లో కన్యాకుమారి జిల్లా అగస్తీశ్వరంలో పుట్టిన వసంతకుమార్ వ్యాపారం నేర్చింది వీజీపీ సంస్థలో, సేల్స్‌మన్‌గా. ఇంటి సామాను వాయిదాల మీద అమ్మడంలో పేరుమోసిన సంస్థ అది. ధర అడిగి వెనుదిరిగేది ఎవరు, వెళ్లబోతూ భార్యాభర్తలు ఏం గుసగుసలాడుకున్నారు, నెలలో ఏ వారం బేరాలు ఊపందుకుంటాయి? ఇవన్నీ రోజూ కొనేవాళ్ల ఎదుట నిలబడేవాడికే తెలుస్తాయి. అక్కడ తప్పు చేస్తే నష్టం యజమానిది, నేర్చుకున్నది మాత్రం మనది.

ఎవరికి ఇవ్వాలి, ఎంత ఇవ్వాలి

ఆ వాయిదాల అమ్మకం సంగతే చూడండి. 'అప్పు చేసి పప్పు కూడు' అని వెక్కిరించే సమాజం మనది. అయినా నెల జీతం మీద బతికే ఇల్లు ఫ్రిజ్జో టీవీయో ఒక్కసారిగా డబ్బు కట్టి కొనలేదు. కొంత ముందు కట్టించుకుని, మిగతాది నెలనెలా వసూలు చేసుకుంటే బేరం కుదురుతుంది. అసలు కష్టం ఆ తరవాతే. సరుకు ఇచ్చిన కంపెనీకి కొట్టువాడు సకాలంలో డబ్బు కట్టాలి. తన బాకీలు మాత్రం నెలల తరబడి చిన్నచిన్న మొత్తాలుగా వస్తాయి. నలుగురు ఎగ్గొడితే పదిమంది మీద వచ్చిన లాభం పోతుంది. మరీ బిగిస్తే గిరాకీ పక్క కొట్టుకు వెళుతుంది, మరీ వదిలేస్తే కొట్టే మూతపడుతుంది. మనిషిని చూసి అంచనా వేయగలగడమే ఇక్కడ అసలు పెట్టుబడి.

ముఖం చూపించి అమ్మడం

ప్రకటనల్లో సినిమా తారలు వెలిగే ఊళ్లో, ఆయన తన నవ్వు ముఖాన్నే వేయించుకున్నారు. మిక్సీ పాడైతే ఎవరిని నిలదీయాలో కొన్నవాళ్లకు తెలుసు. పేరు పణంగా పెట్టినవాడు నాసిరకం సరుకు అమ్మేముందు రెండుసార్లు ఆలోచిస్తాడు.

ఒక మాట దాచకూడదు. ఆయన అన్న కుమరి అనంతన్ కాంగ్రెస్ నేత, 1977లోనే నాగర్‌కోయిల్ నుంచి ఎంపీ అయ్యారు. తెలంగాణ గవర్నర్‌గా పనిచేసిన తమిళిసై ఆ అన్న కూతురే. అంటే ఆయన వెనక ఎవరూ లేరనడం సరికాదు. కానీ అన్న పేరు ఒకసారి తలుపు తెరిపించవచ్చు. నెలనెలా వచ్చి వాయిదా కట్టేవాడు ఆ పేరు చూసి కట్టడు.

2020 ఆగస్టులో కోవిడ్‌తో ఆయన కన్నుమూశారు. వ్యాపారం పెట్టాలనుకునే యువత ఆయన కోట్లను లెక్కపెట్టే బదులు, ఇప్పుడున్న ఉద్యోగాన్నే బడిగా మార్చుకోవాలి. ఇవాళ మీ దగ్గరికొచ్చి కొనకుండా వెళ్లినవాళ్లు ఎవరు, ఎందుకు కొనలేదు? రాత్రి ఒక పుస్తకంలో రాసుకోండి. ఏడాది తిరిగేసరికి ఆ పుస్తకంలో ఒకే కారణం పదేపదే కనిపిస్తే, దానికి జవాబు చెప్పగలిగే రోజే మీరు కొట్టు తెరవాల్సిన రోజు.