నాలుగు క్యాంపులు, ఒక ప్రయాణం

చిట్టితల్లికి,

నువ్వు పంపిన నాలుగు ఈమెయిళ్లూ చదివాను. నాలుగూ డివిజన్ వన్ కాలేజీలవే. నీ ఆట మీద ఆసక్తి ఉందని నాలుగిట్లోనూ రాశారు. నీకేమో వాళ్ల క్యాంపులన్నిటికీ వెళ్లాలని ఉంది. మీ నాన్నకేమో ఆ డబ్బుతో ఎస్‌ఏటీ కోచింగ్‌లో చేర్పించాలని ఉంది. "అక్కా, మీవాడు కాలేజీలో ఆడాడు కదా, నువ్వే తేల్చు" అని మీ అమ్మ ఫోన్ చేసింది. నేను నీ పక్షం వహిస్తానని ఆశపడి ఉంటావు. సగం వహిస్తాను.

ముందు ఆ ఈమెయిళ్ల సంగతి. నువ్వింకా టెన్త్ గ్రేడ్‌లో ఉన్నావు. డివిజన్ వన్ సాకర్ కోచ్ ఎవరైనా నిన్ను జట్టులోకి తీసుకునే విషయమై ఫోన్ చెయ్యాలన్నా, మెసేజ్ పెట్టాలన్నా, టెన్త్ అయ్యాక వచ్చే జూన్ 15 దాకా ఆగాలి. అమెరికా కాలేజీ ఆటలను నడిపే ఎన్‌సీఏఏ నిబంధన అది. ఈలోగా వాళ్లు పంపగలిగేవి క్యాంపు వివరాలు, నింపి పంపమనే ఫారాలు, అలాంటివే. కాబట్టి మార్చిలో నీకొచ్చిన మెయిల్ ఎంత తియ్యగా ఉన్నా క్యాంపు ప్రకటనే. పైగా ఆ క్యాంపుల్లో ఎవరు ఫీజు కట్టినా చేర్చుకోవాలి. వయసు, తరగతి, అమ్మాయిలా అబ్బాయిలా, ఎంతమందికి చోటుంది అన్నవి చూడొచ్చు తప్ప ఆట బాగాలేదని కాదనకూడదు. చాలాచోట్ల ఈ రాబడి అసిస్టెంట్ కోచ్‌ల జీతాలకు ఆసరా. అందులో తప్పేం లేదు, వాళ్లూ బతకాలి. నిన్ను చూసి మురిసిపోయి పిలిచారని మాత్రం అనుకోకు.

నీ నాలుగిట్లో రెండు జూన్ 15 కంటే ముందే జరుగుతున్నాయి. ఆ తేదీలోపు క్యాంపులో ఎదురుగా నిలబడ్డా సరే, నిన్ను తీసుకునే మాట ఆ కోచ్‌లు ఎత్తకూడదు. ఫీజు కట్టి, విమానమెక్కి, హోటల్లో దిగి, ఆడి, కోచ్ నోట అసలు మాట వినకుండా తిరిగి రావడమెందుకు? ఆ రెండూ వద్దు. ఇక్కడ మీ నాన్న మాటే నెగ్గింది.

జూలైలో ఉన్న రెండిటి గురించి ఆలోచిద్దాం. అడగందే అమ్మైనా పెట్టదంటారు, కోచ్ అసలే పెట్టడు. ముందు నువ్వు రాయాలి. ఏ క్లబ్, ఏ లీగ్, ఏ పొజిషన్, జెర్సీ నంబరెంత, వచ్చే నెలల్లో మ్యాచ్‌లెక్కడ, మార్కులెంత, ఏం చదవాలనుకుంటున్నావు. దాంతో పాటు చిన్న వీడియో. నువ్వు లెఫ్ట్ బ్యాక్‌వి కాబట్టి వీడియో నిండా గోల్సే ఉండక్కర్లేదు. వెనక్కి పరుగెత్తి బంతి లాక్కున్నవి, వింగర్‌ని ఒంటరిగా ఆపినవి, ఎడమ కాలితో క్రాస్ వేసినవి ముందు పెట్టు. ఇదంతా ఇప్పుడే పంపు. వాళ్లు ఇప్పుడు నీకు జవాబివ్వలేరు గానీ చదవగలరు, మీ క్లబ్ కోచ్‌తో మాట్లాడగలరు. జూన్ 15 దాటాక నీ పేరుతో, నీ ఆటలో ఫలానాది చూశామంటూ జవాబు వచ్చిన చోటికి వెళ్లు. అక్కడ క్యాంపు పనికొస్తుంది. కోచ్ నిన్ను చూడాలనుకునే వచ్చి ఉంటాడు. జవాబు రాకపోతే ఆ క్యాంపులో నువ్వు వందమందిలో ఒకతెవి.

రాసేముందు ఆ కాలేజీ జట్టు జాబితా చూడు. ఇప్పుడు సీనియర్లెవరు, ఎవరి చోటు ఖాళీ అవుతుంది అని లెక్కేస్తారు చాలామంది. ఆ లెక్క నీకు పనికిరాదు. నువ్వు కాలేజీలో చేరేసరికి ఇప్పటి ఫ్రెష్‌మెన్ సీనియర్లవుతారు, మిగతావాళ్లు దాదాపుగా ఉండరు. నువ్వు చూడాల్సింది ఆ కోచ్ అలవాటు. డిఫెండర్లను హైస్కూళ్ల నుంచి తీసుకుంటున్నాడా, విదేశాల నుంచి తెస్తున్నాడా, వేరే కాలేజీల నుంచి మారిపోయి వచ్చేవాళ్లతో నింపుతున్నాడా? గత రెండు మూడేళ్ల జాబితాలు పక్కపక్కన పెట్టుకుంటే తెలిసిపోతుంది. చివరి రకమైతే నీ వయసు పిల్లలకు అక్కడ దారి సన్నమే.

గుంటూరులో తాతయ్య "క్యాంపుకెళ్తే సర్టిఫికెట్ ఇస్తారా?" అని అడిగారట. మన దగ్గర ఇంజనీరింగ్ సీటుకు స్పోర్ట్స్ కోటా ఉంది, అక్కడ సర్టిఫికెట్టే ప్రాణం. అందుకని ఆయన అలా అడగడం సహజం. ఇక్కడ ఏ క్యాంపు కాగితానికీ విలువ లేదు. టీషర్టు ఇస్తారు, తొడుక్కో.

ఇక స్కాలర్‌షిప్పు. 2025 దాకా డివిజన్ వన్ అమ్మాయిల జట్టుకు 14 స్కాలర్‌షిప్పులే పరిమితి. వాటినే ముక్కలు చేసి పంచేవారు. ఇప్పుడు ఎన్‌సీఏఏ మీద వేసిన కేసులో కుదిరిన కోర్టు ఒప్పందంలో చేరిన కాలేజీలకు ఆ పరిమితి పోయి, జట్టులో 28 మందికి మించకూడదన్న నియమం వచ్చింది. డబ్బు పెరుగుతుందో లేదో కాలేజీని బట్టి ఉంటుంది. జట్టులో చోట్లకు మాత్రం గట్టి హద్దు పడింది. చివర్లో చేర్చుకునే ఒకరిద్దరికి ఇంతకుముందున్న వెసులుబాటు తగ్గింది. అందుకే మీ నాన్న కోచింగ్ అన్నది ఈ లెక్కలో మంచి మాటే.

నువ్వు పంపినవాటిలో డివిజన్ త్రీ కాలేజీ ఒక్కటీ లేదు. ఎందుకు? ఆటకు స్కాలర్‌షిప్పు ఇవ్వరు, నిజమే. చదువును బట్టీ, ఇంటి అవసరాన్ని బట్టీ సాయం చేస్తారు. ఎమరీ, యూనివర్సిటీ ఆఫ్ చికాగో, కార్నెగీ మెలన్, ఎంఐటీ, జాన్స్ హాప్కిన్స్ ఇవన్నీ సాకర్‌లో డివిజన్ త్రీయే. ఈ పేర్లు చెబితే మీ నాన్న ముఖం ఎలా వెలిగిపోతుందో చూడు. ఆ కోచ్‌లకు జూన్ 15 గొడవ లేదు, ఇప్పుడే జవాబు రాయొచ్చు. మీ అన్నయ్య అలాంటి కాలేజీలోనే ఆడాడు. మూడో ఏట మోకాలి లిగమెంట్ తెగి ఒక సీజనంతా కూర్చున్నా, చదువు అక్కడే హాయిగా సాగింది. అమ్మాయిల్లో ఈ గాయం ఇంకా ఎక్కువ. ఆట ఆగిపోయినా నాలుగేళ్లు ఉండాలనిపించే కాలేజీలనే జాబితాలో ఉంచు.

నా తీర్పు ఇది. ఈ ఏడాది ఒక్క ప్రయాణమే. అది కూడా నీ ఉత్తరానికి జవాబిచ్చిన చోటికే. దాని ఖర్చు నేను పెడతాను, మిగతా డబ్బు మీ నాన్న చెప్పినట్టు కోచింగ్‌కి. మొదటి మూడు ఉత్తరాలూ ఆదివారంలోగా రాసి నాకు పంపు. రెండు డివిజన్ త్రీకి, ఒకటి డివిజన్ వన్‌కి. నాన్నతో రాయించకు. నేను చదివితే ఎవరు రాశారో తెలిసిపోతుంది, కోచ్‌లకు ఇంకా ముందే తెలిసిపోతుంది.

నీ పెద్దమ్మ