బస్సు ఖర్చు ఎవరిది?

తెల్లవారేసరికి బరంపురం బస్టాండులో సందడి మొదలవుతుంది. ఆస్కా, ఛత్రపురం, భంజనగర్, చికిటి వైపుల నుండి కూరగాయల బుట్టలతో కొందరు, పుస్తకాల సంచులతో కొందరు, ఆసుపత్రి చీటీలతో మరికొందరు దిగుతారు. సొంత వాహనం లేనివారికి బస్సే ఆధారం.

బస్సులతో మన ఊరి అనుబంధం పాతది. ఒరిస్సా రోడ్డు ట్రాన్స్‌పోర్టు కంపెనీ బరంపురం కేంద్రంగానే బస్సులు నడిపింది. 1990లో అది రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థలో విలీనమయింది.

బస్సు నడవాలంటే డ్రైవరు, కండక్టరు, మెకానిక్కు ఉండాలి. బియ్యం, పప్పుల ధరలు పెరిగితే వారి జీతాలూ పెరగాలి గదా! బస్సు నిండినా నిండకపోయినా జీతాలు, డీజిలు ఖర్చు తప్పవు.

ఒక లెక్క వేసి చూద్దాం. ఒక బస్సుకు రోజుకు 6,000 రూపాయలు ఖర్చనుకోండి. 300 మంది 20 రూపాయల చొప్పున చెల్లిస్తే సరిపోతుంది. జీతాలు పెరిగి ఖర్చు 6,600 అయింది. టిక్కెట్టు 22 రూపాయలు చేశారు. ఆ భారం మోయలేక 30 మంది బస్సెక్కడం మానేశారు. అప్పుడు వచ్చేది 5,940 రూపాయలే. ఛార్జీ పెరిగినా రాబడి తగ్గింది! లోటు పూడ్చడానికి బస్సులు తగ్గిస్తే, మొదట ఆగేది పల్లెకు పోయే బస్సే.

ఈ చిక్కు ఒక్క చోటిది కాదు. తెలంగాణలో 2019లో ఆర్టీసీ కార్మికులు 52 రోజులు సమ్మె చేశారు. ఆ డిసెంబరులో ఛార్జీ కిలోమీటరుకు 20 పైసలు పెరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 జనవరి 1 నుండి ఆర్టీసీ ఉద్యోగులు ప్రభుత్వోద్యోగులయ్యారు. వారి జీతాలు ఖజానాకు చేరాయి. మన రాష్ట్రంలో పంచాయతీలను పట్టణాలతో కలపడానికి 2023 అక్టోబరులో ప్రభుత్వం ‘లక్ష్మి’ బస్సులను ప్రారంభించింది.

ఖజానా సొమ్మంటే మనందరి పన్నులే. బస్సెక్కనివారు ఎందుకు చెల్లించాలని అడగవచ్చు. పట్టుచీరల దుకాణం యజమాని బస్సెక్కకపోవచ్చు. కాని ఆయన గుమాస్తా, ఆయన ఖాతాదారులు బస్సులోనే వస్తారు. కాబట్టి ప్రయాణికుడు కొంత, ప్రభుత్వం కొంత భరించడం న్యాయం. ఆ సొమ్ము సక్రమంగా ఖర్చయ్యేటట్లు చూడడం సంస్థ బాధ్యత. కార్మికుని కడుపు కొట్టకుండా, పేదవాని ప్రయాణం ఆగకుండా నడిచినదే ప్రజల బస్సు.

ప్రశ్నలు
1. ఛార్జీ పెరిగినా రాబడి ఎందుకు తగ్గింది?
2. బస్సెక్కనివారికి బస్సు వల్ల కలిగే మేలేమిటి?
3. మీ ఊరి బస్సు ఆగిపోతే ఎవరెవరు ఇబ్బంది పడతారు? పెద్దలనడిగి రాయండి.