యూనిఫాం తీసేశాక ఏం పని?

మన ఊళ్లలో సైన్యం నుంచి తిరిగొచ్చినాయనకు అసలు పేరు పోతుంది. "మిలటరీ ఆయన ఇల్లెక్కడ?" అని అడిగితే చిన్నపిల్లాడు కూడా చూపిస్తాడు. పశ్చిమ గోదావరి జిల్లా తాడేపల్లిగూడెం దగ్గర మాధవరానికైతే ఊరి పేరుకే ఆ మాట అంటుకుపోయింది. మిలటరీ మాధవరం అంటేనే జనానికి తెలుస్తుంది. ప్రపంచ యుద్ధాల కాలం నుంచి అక్కడ తాత, తండ్రి, కొడుకు వరసగా సైన్యంలో చేరుతూ వస్తున్నారు.

ఇంత గౌరవం ఉంది కదా, మరి ఆ మిలటరీ ఆయనతో మనం ఏం చేస్తాం? ఆగస్టు 15న కాలేజీకి పిలుస్తాం. శాలువా కప్పుతాం, ఫొటో దిగుతాం. మళ్లీ జనవరి 26 వస్తేగానీ గుర్తురాడు. ఈ రెండు తేదీల మధ్య 163 రోజులున్నాయి (లెక్కపెట్టాను, మనకి అలవాటే కదా). ఈ వ్యాసం ఆ రోజుల గురించే.

మాజీ సైనికుడి వయసెంత?

"మాజీ సైనికుడు" అనగానే మనకు తెల్లమీసాల తాత కనిపిస్తాడు. నిజానికి సిపాయిగా చేరినవాళ్లకు 15 ఏళ్ల సర్వీసు నిండితే పెన్షన్ వస్తుంది. పద్దెనిమిది, పంతొమ్మిదేళ్లకు చేరినవాడు నలభై నిండకుండానే ఇంటికొచ్చేస్తాడు. పిల్లలు ఇంకా హైస్కూల్లో ఉంటారు. ఒంట్లో శక్తి ఉంటుంది. చేతిలో పని మాత్రం ఉండదు.

ఇప్పుడు ఆ వయసు ఇంకా తగ్గుతోంది. 2022 జూన్‌లో ప్రకటించిన అగ్నిపథ్ పథకం కింద చేరినవాళ్ల సర్వీసు నాలుగేళ్లు. అందులో 25 శాతం వరకే సైన్యంలో కొనసాగుతారు. మిగతావాళ్లు సుమారు 11.71 లక్షల సేవానిధి తీసుకుని బయటికొస్తారు. వాళ్లకు పెన్షన్ ఉండదు, మాజీ సైనికుల వైద్య పథకమైన ఈసీహెచ్‌ఎస్ కూడా ఉండదు. మొదటి బ్యాచ్‌ల నాలుగేళ్లు 2026 చివర, 2027 మొదట్లో పూర్తవుతాయి. అప్పటికి వాళ్లలో చాలామందికి ఇరవై రెండు, ఇరవై మూడేళ్లు. అంటే మన ఫైనలియర్ వయసు. ఇంటర్‌లో మన పక్క బెంచీలో కూర్చుని, మనం ఎంసెట్ కోచింగ్‌కి వెళ్తే గ్రౌండ్‌కి పరుగుకు వెళ్లినవాడే రేపటి మాజీ సైనికుడు. ఇకపై ఈ విషయాన్ని తాతల సంగతి అనుకుని వదిలేయలేం.

జీతంతో పాటు పోయేవి

సైన్యంలో ఉన్నంతకాలం పొద్దున లేచేసరికి చేయాల్సిన పని తెలుస్తుంది. పక్కన ఎవరుంటారో తెలుస్తుంది. తాను లేకపోతే ఎక్కడ ఖాళీ పడుతుందో కూడా తెలుస్తుంది. ఇంటికొచ్చాక ఈ మూడూ ఒక్కరోజులో పోతాయి. ఇది ఎంత పెద్ద విషయమో అర్థం కావాలంటే అమెరికాలో జరిగిన ఒక సంగతి చూద్దాం.

2010 జనవరిలో హైతీలో భూకంపం వచ్చింది. జేక్ వుడ్, విలియం మెక్‌నల్టీ అనే ఇద్దరు మాజీ మెరైన్లు చిన్న బృందాన్ని, మందులను వెంటబెట్టుకుని అక్కడికి వెళ్లారు. గందరగోళంలో పని చేయడం, ఉన్నదాంతో సర్దుకోవడం, గాయపడినవాళ్లను మోయడం యుద్ధంలో నేర్చుకున్నవే. అవన్నీ విపత్తులోనూ పనికొచ్చాయి. అలా పుట్టిన సంస్థే టీమ్ రూబికాన్.

మొదట్లో వాళ్ల ఆలోచన ఒకవైపే ఉంది: మాజీ సైనికులు విపత్తు బాధితులకు సాయం చేస్తారు, అంతే. 2011 మార్చిలో క్లే హంట్ ఆత్మహత్య చేసుకున్నాడు. ఇరాక్, అఫ్ఘానిస్థాన్‌లలో పనిచేసిన మెరైన్ అతను. వుడ్‌కు దగ్గరి స్నేహితుడు, టీమ్ రూబికాన్‌తో హైతీ వెళ్లి పనిచేసినవాడు. వయసు 28. ఆ దెబ్బతో ఆ సంస్థ తనను తాను మళ్లీ చూసుకుంది. బురద ఎత్తే పని బాధితుడికి ఎంత అవసరమో, ఎత్తే మాజీ సైనికుడికీ అంతే అవసరమని వాళ్లకు అర్థమైంది. మళ్లీ ఒక జట్టు, ఒక ఉద్దేశం, "నేను పనికొస్తాను" అనే నమ్మకం ఆ పనిలో దొరుకుతున్నాయి. క్లే హంట్ పేరుతోనే 2015లో అమెరికాలో మాజీ సైనికుల ఆత్మహత్యల నివారణ చట్టం వచ్చింది.

అయితే సేవ చేస్తే మనసు బాగైపోతుందని ఎవరూ అనుకోకూడదు. హంట్ కూడా సేవ చేసినవాడే. మానసిక వేదనకు వైద్యం కావాలి. మన దేశంలో టెలీ మానస్ నంబర్ 14416 ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు. సేవ ఆ వైద్యానికి తోడుగా ఉంటుంది, దాని స్థానంలోకి రాదు.

మన దేశంలో

ఇది అమెరికా కథే కానక్కర్లేదు. మహారాష్ట్రలో రాళేగణ్ సిద్ధి అనే కరువు పల్లె ఉంది. అన్నా హజారే సైన్యంలో ట్రక్కు డ్రైవర్. 1965 యుద్ధంలో ప్రాణాలతో బయటపడ్డాడు. 1975లో ఊరికి తిరిగొచ్చి, తన డబ్బుతో గుడి బాగుచేయడంతో మొదలుపెట్టాడు. తర్వాత ఊరంతా శ్రమదానం చేసి వాన నీటిని ఆపే కట్టలు, గుంటలు కట్టుకున్నారు. తాగుబోతులను శిక్షించిన పద్ధతులపై విమర్శలున్నాయి, అవి న్యాయమైనవే. కానీ నీటి పని నిలబడింది. తర్వాత దేశమంతటికీ తెలిసిన ఉద్యమకారుడిగా కంటే, ఊరివాళ్లతో కలిసి గడ్డపార పట్టిన మాజీ డ్రైవర్‌గా ఆయన మనకు ఇక్కడ ఎక్కువ అవసరం.

మన సంగతి కూడా చెప్పుకుందాం. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు ఇళ్లు మునిగాయి. నీళ్లు దిగాక ఇళ్లలో బురద మిగిలింది. పాడైన బియ్యం, తడిసిన పరుపులు, పనిచేయని ఫ్రిజ్‌లు మిగిలాయి. టీమ్ రూబికాన్ వాళ్లు వరదల తర్వాత చేసేది సరిగ్గా ఇదే పని: ఇంటింటికీ వెళ్లి, పైసా తీసుకోకుండా బురద తోడి, పాడైనవి బయటపడేసి, ఇల్లు ఆరేలా చేయడం. మన జిల్లాల్లో మాజీ సైనికులున్నారు, వరదలూ తుపాన్లూ ఉన్నాయి, ఎన్‌ఎస్‌ఎస్ యూనిట్లున్న కాలేజీలూ ఉన్నాయి. ఈ మూడింటినీ ఒకచోట చేర్చే పరిచయం మాత్రం లేదు.

ఆ పరిచయం ఎక్కడ మొదలుపెట్టాలి? మనకు చేతనైన పనితో మొదలుపెడదాం.

నవంబర్ పని

పెన్షన్ తీసుకునే ప్రతివాళ్లూ ఏడాదికోసారి "నేను బతికే ఉన్నాను" అని రుజువు చూపాలి. దాన్నే లైఫ్ సర్టిఫికెట్ అంటారు. ఎక్కువమందికి అది నవంబర్‌లో వస్తుంది. 80 ఏళ్లు దాటినవాళ్లు అక్టోబర్ నుంచే ఇవ్వొచ్చు. ఇవ్వకపోతే పెన్షన్ ఆగుతుంది. తర్వాత ఇస్తే బకాయిలతో వస్తుంది, నిజమే. కానీ ఒంటరిగా ఉండే ఒక సైనికుడి భార్యకు ఆ రెండు మూడు నెలలు మందుల షాపులో అప్పు పెట్టడమంటే ఏమిటో ఆలోచించండి.

రక్షణ శాఖ పెన్షన్లు ఇప్పుడు స్పర్శ్ అనే ఆన్‌లైన్ వ్యవస్థలో నడుస్తున్నాయి. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, ఓటీపీ అనేవి మనకు నీళ్లు తాగినంత తేలిక. కీప్యాడ్ ఫోన్ వాడే హవల్దార్ గారికి అది కొండ. స్మార్ట్‌ఫోన్, ఇంటర్నెట్ ఉంటే మనం సాయం చేయొచ్చు. పద్ధతి ఇది:

1. ప్లే స్టోర్ నుంచి ఆధార్ ఫేస్ ఆర్‌డీ, జీవన్ ప్రమాణ్ యాప్‌లు మాత్రమే ఇన్‌స్టాల్ చేయాలి. వాట్సాప్‌లో వచ్చిన లింకులు ముట్టుకోవద్దు.

2. ముందుగా ఫోన్ పట్టుకున్న వాలంటీర్ తన ఆధార్‌తో, ముఖంతో ఆపరేటర్‌గా నమోదు కావాలి. తర్వాత పెన్షనర్ వివరాలు.

3. పీపీఓ నంబర్ దగ్గర తప్పులు ఎక్కువ. స్పర్శ్‌లోకి మారినవాళ్లకు కొత్త నంబర్ ఉంటుంది. ట్రంకుపెట్టెలోని పాత కాగితం చూసి కొట్టేయకండి. పెన్షన్ ఇచ్చే సంస్థ దగ్గర బ్యాంకు పేరు కాకుండా స్పర్శ్ ఎంచుకోవాలి.

4. మంచి వెలుతురులో ముఖం స్కాన్ చేయాలి. అయ్యాక ఎస్ఎంఎస్‌లో ప్రమాణ్ ఐడీ వస్తుంది. దాన్ని కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసివ్వండి.

5. ఐడీ రావడంతో పని అయిపోలేదు. వివరాలు తప్పైతే సర్టిఫికెట్‌ను తిరస్కరిస్తారు. కొన్ని రోజులాగి స్టేటస్ చూసి, వాళ్లకు ఫోన్ చేసి చెప్పాలి. ఈ ఫోన్ చేసేవాడే అసలు వాలంటీర్.

ఇంకో చిక్కు కూడా ఎదురవుతుంది. ఆధార్‌లో లక్ష్మి పేరు స్పెల్లింగ్‌లో ఎక్స్ ఉంటుంది, సర్వీసు రికార్డులో కేఎస్‌హెచ్ ఉంటుంది. అది మనం యాప్‌లో దిద్దేది కాదు. ఆయా విభాగం రికార్డ్ ఆఫీసుకు రాయాలి. ఈఎంఈ, ఏఓసీ విభాగాలవైతే ఆ ఆఫీసులు సికింద్రాబాద్‌లోనే ఉన్నాయి. దరఖాస్తు రాసివ్వడం, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి తోడు వెళ్లడం మన వంతు. అసలు శిబిరం పెట్టే ముందే ఆ కార్యాలయానికి వెళ్లి చెప్పండి. ఎవరికి ఎక్కడ అవసరముందో వాళ్లకు తెలుస్తుంది.

కొన్ని జాగ్రత్తలు

ఆధార్ కార్డు, పాస్‌బుక్ ఫొటోలు మన ఫోన్లో ఉంచుకోకూడదు. పాస్‌వర్డ్ వాళ్లే పెట్టుకోవాలి, వాళ్ల పుస్తకంలోనే రాసుకోవాలి. ఓటీపీని మనమెదుటే యాప్‌లో కొట్టాలి. "ఫోన్‌లో అడిగితే ఎవరికీ చెప్పొద్దు, రేపు మేమే అడిగినా చెప్పొద్దు" అని ప్రతి ఒక్కరికీ చెప్పి పంపండి. సాయం పొందుతున్నవాళ్ల ఫొటో ఇన్‌స్టాలో పెట్టొద్దు. యుద్ధం గురించి వాళ్లు చెబితే వినండి. "ఎంతమందిని చంపారు?" అనే ప్రశ్న నోట్లోనే ఆపుకోండి. "అంకుల్" కంటే "సుబేదార్ గారూ" అని పిలిచి చూడండి, కూర్చున్న మనిషి నిటారుగా అవుతాడు.

తిరిగి అడగండి

చాలా క్లబ్బులు ఇక్కడే ఆగిపోతాయి. సాయం చేశాం, సర్టిఫికెట్లు పంచుకున్నాం, అయిపోయింది. క్లే హంట్ స్నేహితులు నేర్చుకున్నది గుర్తుంటే ఆ రోజే ఇంకో మాట అడగాలి: "సార్, మాకు మీరు నేర్పుతారా?"

ఏం నేర్పాలో వాళ్లకు తెలుసు. గాయానికి రక్తం ఆపే కట్టు, ఇద్దరు కలిసి మనిషిని మోసే పద్ధతి, బరువు జారని తాడు ముడి, చీకట్లో జట్టును లెక్కపెట్టుకోవడం. మెకానికల్ ల్యాబ్‌లో జనరేటర్ గురించి నాలుగు యూనిట్లు చదివాం. తడిసిన జనరేటర్‌ను వానలో మళ్లీ నడిపించినవాళ్లు మన మండలంలోనే ఉండొచ్చు. ఆదివారం రెండు గంటల చొప్పున నెలకొకసారి చాలు. రానన్నవాళ్లను బలవంతపెట్టొద్దు. వచ్చినవాళ్లకు ముందే పని, సమయం, ఎంతమంది వస్తారో చెప్పండి, చెప్పినంతమంది సమయానికి ఉండండి. సైన్యంలో బతికినవాళ్లకు శాలువా కంటే ఇదే పెద్ద మర్యాద.

డిసెంబర్ 7 సాయుధ దళాల పతాక దినోత్సవం, 1949 నుంచి జరుగుతోంది. జెండా స్టిక్కర్ కొని చందా ఇవ్వండి, ఆ నిధి నిజంగానే కుటుంబాలకు ఉపయోగపడుతుంది. దాంతోపాటు మన క్లబ్ గ్రూపులో ఒక షీట్ పెడుతున్నాం. మీ ఊరి మిలటరీ ఆయన దగ్గరికి ఈ సెలవుల్లో వెళ్లి, మూడు విషయాలు అడిగి, ఆయన ఒప్పుకుంటేనే రాయండి: లైఫ్ సర్టిఫికెట్ గడువు ఎప్పుడు, రికార్డుల్లో చిక్కులేమైనా ఉన్నాయా, మనకు ఏం నేర్పగలరు. మూడో గడి ఖాళీగా వదలొద్దు.