బ్యాక్ బటన్ నేర్పే పాఠం

మెస్‌లో దొంతరగా పేర్చిన కంచాల్లో చివర పెట్టిందే ముందు తీస్తాం. ఆండ్రాయిడ్ ఫోనులో తెరలూ అంతే. దీన్నే స్టాక్ అంటారు.

మైపాడు మత్స్యకారుల కోసం యాప్ రాస్తున్నామనుకోండి. మొదట పడవల జాబితా, దానిపై వివరాల ఫారం, ఆపైన "సేవ్ చేయాలా?" అనే డైలాగ్. బ్యాక్ నొక్కితే డైలాగ్ ఒక్కటే మూయాలి, నింపిన ఫారం పోకూడదు. మళ్ళీ నొక్కితే, సేవ్ కాని మార్పులుంటే అడిగి, తర్వాతే జాబితాకు పోవాలి.

2022లో వచ్చిన ఆండ్రాయిడ్ 13 నుంచి పాత 'ఆన్ బ్యాక్ ప్రెస్డ్' బదులు కాల్‌బ్యాక్ వాడమంటున్నారు. మార్పులున్నప్పుడే దాన్ని ఎనేబుల్ చేయండి, సేవ్ కాగానే డిసేబుల్ చేయండి. లేకుంటే అవసరం లేకపోయినా అడుగుతూనే ఉంటుంది.

మన ఇళ్ళలో ఫోను కొత్తగా పట్టినవాళ్ళున్నారు. భయం లేకుండా వెనక్కి రాగలిగితేనే వాళ్ళు ముందుకు వెళ్తారు.